సబ్‌వూఫర్ డైరీ: నాబ్ కంటే ముందు చోటు

ప్లగ్గు పెట్టకముందు

ముందుగా గది కొలతలు రాసుకుంటున్నా, ఎందుకంటే ఈ పనిలో సగం జవాబులు వాటిలోనే ఉంటాయి. పొడవు 14 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 10. సోఫాలో కూర్చుంటే నా తల టీవీ గోడకు 10 అడుగుల దూరంలో, వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఇప్పటిదాకా ఉన్నవి రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక ఏవీ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల సౌండు తీసుకుని స్పీకర్లకి పంచే యాంప్లిఫయర్). ఇప్పుడు వాటికి 10 అంగుళాల పవర్డ్ సబ్‌వూఫర్, అంటే బేస్ (కింది స్వరాలు) మాత్రమే పలికే పెట్టె, కలుస్తోంది. పవర్డ్ అంటే యాంప్లిఫయర్ పెట్టెలోనే ఉంటుంది, దానికి కరెంటు ప్లగ్గు వేరే, వెనక మెటల్ ప్లేటు మీద గెయిన్ (ఎంత బలంగా పలకాలో), క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ దాకా పలకాలో), ఫేజ్ (స్పీకర్ల అలతో దీని అల కలవడానికి) అని మూడు సర్దుబాట్లు.

నాకు కావాల్సింది మూడు విషయాలు. బేస్ ఫలానా మూల నుంచి వస్తోందని తెలియకూడదు. ఏ స్వరమూ మిగతావాటిని తొక్కేయకూడదు. ఆ రెండూ సబ్ తన శక్తిలో కొంత మాత్రమే వాడుతూ చేయాలి. మూడోది అందరూ చివర్లో ఆలోచిస్తారు, నేను దాన్నే ముందు పెట్టుకున్నా. ఎందుకంటే సబ్‌వూఫర్ తరచుగా పాడయ్యే దారి ఒకటి ఉంది: బేస్ సరిపోలేదనిపిస్తుంది, గెయిన్ పెంచుతాం, ఇంకా సరిపోదు, ఇంకా పెంచుతాం. ఆ సరిపోకపోవడానికి కారణం గదిలో ఉంటే నాబ్ ఎంత తిప్పినా లాభం లేదు, వేడి మాత్రం మిగులుతుంది.

పెట్టె విప్పే పని ఇద్దరు చేయాల్సిందే. తమ్ముడు ఒక పక్క పట్టుకున్నాడు. పోర్టు (పెట్టెలోంచి గాలి వచ్చిపోయే గొట్టం) రంధ్రంలో చెయ్యి పెట్టి ఎత్తొద్దని ముందే చెప్పా, పట్టు దొరుకుతుంది కదా అని అందరి చెయ్యీ అక్కడికే వెళ్తుంది. అట్టపెట్టెను బోర్లించి పైకి లాగడం కంటే, పక్కకి పడుకోబెట్టి మెల్లగా జార్చడం మంచిది. కోన్ (ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే భాగం) చుట్టూ ఉండే రబ్బరు అంచుకి వేలు తగిలినా ఒత్తొద్దు.

ప్లగ్గు పెట్టకముందు చూసినవి: వెనక వోల్టేజ్ సెలెక్టర్ ఉందా (కొన్నిటికి 115, 230 అని చిన్న స్విచ్ ఉంటుంది, అది మన కరెంటుకి తగ్గట్టు ఉందో లేదో చూడకుండా ఆన్ చేస్తే ఆ ఒక్కసారితోనే యాంప్లిఫయర్ పోవచ్చు), ఫ్యూజు రేటింగ్ ఎంత రాశారు, ప్లగ్గుకి ఎర్త్ పిన్ను ఉందా, కార్డు ఎక్కడైనా నలిగిందా. ఫ్యూజు పోతే అదే రేటింగ్‌ది వేయాలి, పెద్దది వేస్తే ఫ్యూజు బదులు ఇంకేదో కాలుతుంది. బయట చల్లగా ఉండి లోపల వెచ్చగా, తేమగా ఉంటే పెట్టె గది వేడికి వచ్చేదాకా కొన్ని గంటలు ఆగడం మంచిది, లోపల చెమ్మ పట్టి ఉండొచ్చు.

కేబుళ్లు, అదే సాయంత్రం

కలిపేటప్పుడు అన్నీ ఆఫ్. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, సబ్ ప్లగ్గు గోడ నుంచి తీసేశా. దీనికి కారణం ఉంది. ఆర్‌సీఏ జాక్‌ని దగ్గరగా చూడండి: మధ్యలో పొడుచుకొచ్చిన పిన్ను, చుట్టూ రింగు. లోపలికి తోసినప్పుడు ముందు తగిలేది మధ్య పిన్ను, అంటే సిగ్నల్. ఎర్త్ అయిన రింగు ఆ తర్వాత తగులుతుంది. ఆ కాస్త సమయంలో ఎర్త్ లేని సిగ్నల్ లైను గాల్లోని మెయిన్స్ హమ్‌ని (కరెంటు లైన్ల గుయ్ శబ్దాన్ని) పట్టుకుంటుంది, సబ్ ఆన్‌లో ఉంటే దాన్ని పూర్తి బలంతో వాయిస్తుంది. ఆ "ధడ్" శబ్దం కోన్‌కి అనవసరమైన దెబ్బ.

రిసీవర్ వెనక "సబ్ అవుట్" నుంచి సబ్ వెనక "ఎల్‌ఎఫ్‌ఈ" అని రాసిన ఇన్‌పుట్‌కి ఒకటే షీల్డ్ ఉన్న కేబుల్. ఎల్‌ఎఫ్‌ఈ అంటే సినిమా ఆడియోలో తక్కువ ఫ్రీక్వెన్సీ ఎఫెక్టుల కోసం విడిగా రికార్డు చేసే ఛానల్, 5.1లో ఆ ".1" ఇదే. సబ్ అవుట్ లేని స్టీరియో యాంప్లిఫయర్ ఉన్నవాళ్లు స్పీకర్ వైర్ల ద్వారా వచ్చే హై లెవెల్ ఇన్‌పుట్ వాడొచ్చు, కానీ ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు, ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌కి తగలకూడదు. కొన్ని యాంప్లిఫయర్లలో మైనస్ టెర్మినల్ ఎర్త్ కాదు కాబట్టి రెండు మాన్యువళ్లూ చదివాకే కలపాలి. లైన్ ఇన్‌పుట్, హై లెవెల్ ఇన్‌పుట్ రెండూ ఒకేసారి కలపడం మాన్యువల్ ఒప్పుకుంటేనే.

నాబ్‌లు మొదట ఇలా పెట్టా: గెయిన్ పావు వంతు. ఫేజ్ సున్నా. క్రాసోవర్ నాబ్ పూర్తిగా పైకి. ఈ చివరిది చాలామందికి వింతగా ఉంటుంది. రిసీవర్‌లో స్పీకర్లను "స్మాల్" అని పెట్టి క్రాసోవర్ 80 హెర్ట్జ్ (సెకనుకి 80 కంపనాలు) అన్నప్పుడు, 80కి కిందిదంతా సబ్‌కి పంపే పని రిసీవరే చేస్తుంది. మళ్లీ సబ్ మీద కూడా 80 దగ్గర కోస్తే ఒకే చోట రెండు ఫిల్టర్లు పడి, సబ్‌కీ స్పీకర్లకీ మధ్య అతుకు దగ్గర గుంత పడుతుంది. "స్మాల్" అన్న పదం చూసి స్పీకర్లను తక్కువ చేసినట్టు అనుకోనక్కర్లేదు, ఆ సెట్టింగ్‌తో వాటి చిన్న కోన్‌లకి బరువైన పని తప్పి, మాటలు ఇంకా స్పష్టంగా వస్తాయి.

ఆన్ చేసే వరుస: ముందు టీవీ, ప్లేయర్, తర్వాత రిసీవర్, అన్నిటికన్నా చివర సబ్. ఆపేటప్పుడు సబ్ ముందు. ఇలా చేస్తే మిగతా పరికరాలు ఆన్, ఆఫ్ అయ్యేటప్పుడు వచ్చే దెబ్బలేవీ సబ్ దాకా రావు.

గుయ్ మనే శబ్దం

ఆన్ చేయగానే సన్నగా, ఆగకుండా "గుయ్". పాట పెట్టకపోయినా ఉంది, వాల్యూమ్ సున్నా చేసినా అంతే ఉంది. మెయిన్స్ కరెంటు 50 హెర్ట్జ్ (కొన్ని దేశాల్లో 60), సబ్ ఆ శ్రుతిని చక్కగా పలికే యంత్రం, అందుకే మిగతా స్పీకర్లలో వినపడని హమ్ సబ్‌లో వినపడుతుంది.

వెతికే పద్ధతి: అన్నీ ఆపి సిగ్నల్ కేబుల్‌ని సబ్ వైపు తీసి, మళ్లీ సబ్ ఒక్కటే ఆన్ చేశా. హమ్ లేదు. అంటే సబ్ బాగానే ఉంది, హమ్ కేబుల్ ద్వారా వస్తోంది. మళ్లీ కలిపి, ఈసారి రిసీవర్‌కి ఉన్న ఒక్కో పరికరాన్నీ విడదీస్తూ వచ్చా. సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ టీవీ వైరు తీయగానే ఆగిపోయింది. ఆ వైరుకి బయటెక్కడో ఒక ఎర్త్, ఇంట్లో ప్లగ్గుల ఎర్త్ మరొకటి. రెండిటి మధ్య ఉన్న కొద్దిపాటి తేడా కేబుల్ షీల్డ్ మీదుగా కరెంటుని తిప్పుతోంది, దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ఆ వైరు మీద ఒక ఐసోలేటర్ (సిగ్నల్‌ని పంపి ఎర్త్ కలయికని మాత్రం తెంచే పరికరం) పెట్టి, రిసీవర్‌నీ సబ్‌నీ ఒకే సాకెట్ల వరుసకి మార్చాక పూర్తిగా నిశ్శబ్దం.

ఇక్కడ తమ్ముడు ఒక సలహా ఇచ్చాడు. "అన్నా, సబ్ ప్లగ్గుకి ఆ మూడో పిన్ను తీసేస్తే పోతుందట కదా, మా ఫ్రెండ్ అలాగే చేశాడు." హమ్ పోతుంది, నిజమే. కానీ లోపల ఏదైనా వైరు ఊడి మెటల్ ప్లేటుకి తగిలిన రోజున కరెంటు ఎర్త్‌లోకి పోయి ఫ్యూజు ఎగరాల్సింది పోయి, ఆ ప్లేటు ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. ఎర్త్ పిన్నుని ఏ కారణానికీ తీయకూడదు, టేపు చుట్టకూడదు, రెండు పిన్నుల అడాప్టర్‌తో దాటవేయకూడదు. హమ్‌ని సిగ్నల్ వైపు నుంచే ఆపాలి. వాడి ఫ్రెండ్‌కి కూడా ఫోన్ చేసి చెప్పమన్నా.

ఎక్స్‌టెన్షన్ బోర్డు విషయం కూడా ఇక్కడే. ఒకదానికి ఇంకొకటి తగిలించొద్దు, మిగిలిన వైరుని చుట్ట చుట్టి కట్టేసి తివాచీ కింద దాచొద్దు, చుట్టలో వేడి బయటికి పోదు. పిడుగులు పడే వాన వస్తే స్విచ్ మీద నమ్మకం పెట్టుకోకుండా ప్లగ్గే తీసేయాలి.

శనివారం: చోటు వెతకడం

అసలు ప్రాజెక్టు ఇది, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

శబ్దం సెకనుకి సుమారు 1125 అడుగులు పోతుంది. 40 హెర్ట్జ్ అల ఒక్కటీ 28 అడుగుల పొడవుంటుంది. నా గది 14 అడుగులు, అంటే సరిగ్గా సగం అల. ఎదురెదురు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ గదిలో నిలబడిపోతుంది. గోడల దగ్గర భయంకరంగా, గది మధ్యలో దాదాపు లేనట్టు. అదే లెక్కన 11 అడుగుల వెడల్పుకి 51 హెర్ట్జ్, 10 అడుగుల ఎత్తుకి 56. మీ గదికి లెక్క కావాలంటే 1125ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించండి, అంతే.

బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మీటితే వచ్చే స్వరం 41 హెర్ట్జ్. ఆ పై తీగలు 55, 73, 98. అంటే నా గదిలో నిలబడిపోయే మొదటి అల ఆ లావు తీగ మీదే పడుతోంది. దీంతో పరీక్ష చాలా తేలికైపోయింది: బేస్ గిటార్ ఒంటరిగా వినపడే ఒక ముక్క తీసుకుని, లావు తీగ, రెండో తీగ ఒకే బలంతో వినపడుతున్నాయా లేదా అని చూడటమే.

ముందు, సామాన్ల మధ్య ఖాళీగా కనపడే చోట, అంటే పొడవు గోడకి సరిగ్గా మధ్యలో పెట్టి చూశా. లావు తీగ దాదాపు మాయం. రెండో తీగ బాగుంది, మూడోది బాగుంది, లావు తీగ దగ్గరికి వచ్చేసరికి వేళ్లు తీగ మీద పడిన చప్పుడు తప్ప కింద ఏమీ లేదు. 40 హెర్ట్జ్ అలకి ఆ చోటు పీడనం లేని బిందువు, అక్కడి నుంచి ఎంత నెట్టినా ఆ అల లేవదు. గెయిన్ పెంచితే రెండో తీగ, మూడో తీగ మోగిపోతాయి, లావు తీగ మాత్రం అలాగే ఉంటుంది.

తర్వాత ముందు మూల. మూలలో అన్ని అలలూ బలంగా లేస్తాయి. లావు తీగ మీటగానే గది మొత్తం ఊగింది, స్వరం ఆగిపోయాక కూడా "బూఁ" అని సాగింది, తర్వాతి స్వరం దానికింద మునిగిపోయింది. కొందరికి ఇదే బేస్. అరగంట వింటే తలనొప్పి.

అప్పుడు తిరగేసిన పద్ధతి. సబ్‌ని నేను కూర్చునే చోటికి తెచ్చి, సోఫా కాస్త పక్కకి జరిపి, కింద గట్టి పీట వేసి దాని మీద పెట్టా. అదే గిటార్ ముక్క మళ్లీ మళ్లీ, తక్కువ వాల్యూమ్‌లో. నేనేమో గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ, చెవులు సబ్ ఉండబోయే ఎత్తులో పెట్టి విన్నా. శబ్దం ఇక్కడి నుంచి అక్కడికి ఎలా పోతుందో అక్కడి నుంచి ఇక్కడికీ అలాగే వస్తుంది కాబట్టి, ఏ చోట నాలుగు తీగలూ సమానంగా వినపడతాయో అదే సబ్ పెట్టాల్సిన చోటు. నవ్వొచ్చేలా కనిపిస్తుంది గానీ, ఒక్కసారి పాకితే బేస్ గురించి పేజీలకొద్దీ చదివినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది. రెండడుగుల తేడాలో ఒక స్వరం పూర్తిగా పోయి, ఇంకో రెండడుగులకి తిరిగొస్తుంది. మన కళ్లముందున్న ఖాళీ గది శబ్దానికి ఖాళీ కాదని అప్పుడు తెలుస్తుంది.

దొరికిన చోటు: కుడి గోడ వెంబడి, ముందు గోడకి మూడున్నర అడుగుల దూరం. లావు తీగ ఇంకా కొంచెం ఎక్కువే, కానీ మొరటుగా లేదు, రెండో తీగ దానితో పాటే నడుస్తోంది. అక్కడ నేల మీద టేపుతో గుర్తు పెట్టా.

ఆదివారం: కొలతలు

చెవి చెప్పింది నిజమేనా అని చూడటానికి కాలిబ్రేటెడ్ యూఎస్‌బీ మైక్, ల్యాప్‌టాప్‌లో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మైక్‌ని స్టాండ్ మీద నా చెవి ఎత్తులో పెట్టి, 15 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్ (కింది నుంచి పైకి జారే టోన్). 75 డెసిబెల్స్ దగ్గర కొలిస్తే చాలు, గట్టిగా వాయించి కొలిస్తే కొలత మెరుగవదు. నిలకడగా ఉండే టోన్లు కాయిల్‌ని (కోన్‌ని కదిపే తీగచుట్టని) సంగీతం కంటే చాలా త్వరగా వేడెక్కిస్తాయి. పాటలో బేస్ వస్తూ పోతూ ఉంటుంది, ఆ మధ్యలో కాయిల్ చల్లబడుతుంది. టోన్‌కి ఆ విరామం లేదు. స్వీప్ అయ్యాక కాసేపు ఆగి ఇంకోటి.

గ్రాఫులో మూడు చోట్లూ పక్కపక్కన పెట్టుకున్నా. గోడ మధ్యలో 40 దగ్గర సగటు కంటే 9 డెసిబెల్స్ కింద గుంత. మూలలో అదే 40 దగ్గర 12 పైన శిఖరం. పాకి పట్టుకున్న చోట 7 పైన, మిగతాది చాలావరకు చదును.

ముఖ్యమైన లెక్క ఇది. గెయిన్ అస్సలు ముట్టుకోకుండా, గోడ మధ్య నుంచి కొత్త చోటికి మారడం వల్ల 35 నుంచి 50 హెర్ట్జ్ మధ్య సగటున 6 డెసిబెల్స్ పెరిగింది. 3 డెసిబెల్స్ అంటే పవర్ రెట్టింపు, 6 అంటే నాలుగు రెట్లు. అంటే అంతే బేస్ ఇవ్వడానికి యాంప్లిఫయర్‌కి ఇప్పుడు పావు వంతు పవర్ చాలు. పెద్ద సబ్ కొనాలని చూసేవాళ్లు ముందు ఉన్నదాన్ని జరిపి చూడాలని నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్క అంకె వల్లే.

మిగిలిన శిఖరానికి రిసీవర్ ఈక్వలైజర్‌లో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సదుపాయం) ఒకే ఒక ఫిల్టర్: 40 హెర్ట్జ్ దగ్గర సన్నగా 6 డెసిబెల్స్ కోత. శిఖరాన్ని కోస్తే సబ్‌కి పని తగ్గుతుంది, గదిలో సాగే "బూఁ" కూడా తగ్గుతుంది. 68 దగ్గర ఒక సన్నటి గుంత కూడా ఉంది, దాన్ని ఈక్వలైజర్‌తో పూడ్చే ప్రయత్నం చేయలేదు. ఆ గుంత ఉన్నది అలలు ఒకదాన్నొకటి కొట్టేయడం వల్ల, మనం ఎంత పోస్తే గది అంతా కొట్టేస్తుంది. పైగా 10 డెసిబెల్స్ పెంచాలంటే పది రెట్లు పవర్ కావాలి. సోఫాని అరడుగు ముందుకి జరిపా, గుంత సగానికి తగ్గింది.

లెవెల్, ఫేజ్, దూరం

రిసీవర్ టెస్ట్ టోన్‌తో స్పీకర్లు ఒక్కోటీ 75 డెసిబెల్స్, సబ్ కూడా 75. మీటర్ "సి" వెయిటింగ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీని ఎంత లెక్కలోకి తీసుకోవాలో చెప్పే సెట్టింగ్), "స్లో"లో ఉండాలి. "ఎ" వెయిటింగ్ పెడితే 50 హెర్ట్జ్ దగ్గర మీటర్ సుమారు 30 డెసిబెల్స్ తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి సబ్‌ని పెంచితే అంతే సంగతులు. ఫోన్ యాప్‌లతో సబ్ లెవెల్ పెట్టడం నాకు నచ్చదు, ఫోన్ మైకులు చాలావరకు కింది ఫ్రీక్వెన్సీలని సరిగా పట్టవు.

మొదట రిసీవర్‌లో సబ్ ట్రిమ్ (రిసీవర్ సబ్‌కి పంపే లెవెల్ సర్దుబాటు) మైనస్ 8 చూపించింది. అది పనిచేస్తుంది, కానీ తక్కువ వాల్యూమ్‌లో వినేటప్పుడు సిగ్నల్ మరీ బలహీనమై సబ్ ఆటో స్టాండ్‌బైలోకి జారుకుంటుంది. అందుకే సబ్ మీద గెయిన్ ఇంకొంచెం తగ్గించి, ట్రిమ్‌ని మైనస్ 3కి తెచ్చా. మొత్తం లెవెల్ అదే, ఇప్పుడు మధ్యలో నిద్రపోవట్లేదు. ట్రిమ్ ప్లస్‌లోకి వెళ్లకుండా చూసుకోవాలి, పెద్ద సీన్లలో రిసీవర్ అవుట్‌పుట్ క్లిప్ అయ్యే (హద్దు దాటి అల కొసలు తెగిపోయే) ప్రమాదం ఉంది.

ఫేజ్‌కి 80 హెర్ట్జ్ టోన్, స్పీకర్లూ సబ్బూ కలిపి. మీట సున్నా, 180 రెండు వైపులా మార్చి ఎటు బిగ్గరగా ఉంటే అది. నాకు సున్నానే. తర్వాత రిసీవర్‌లో సబ్ దూరం: టేపుతో కొలిస్తే తొమ్మిదడుగులు, కానీ ఒక్కో అడుగూ పెంచుతూ కొలుస్తుంటే 13 దగ్గర 80 హెర్ట్జ్ లెవెల్ అన్నిటికన్నా ఎక్కువ, మొదటికంటే 4 డెసిబెల్స్ పైన. సబ్ లోపలి ఫిల్టర్లు సిగ్నల్‌ని కొద్దిగా ఆలస్యం చేస్తాయి, అడుగు దూరం అంటే దాదాపు 0.9 మిల్లీసెకను కాబట్టి ఆ ఆలస్యం రిసీవర్‌కి ఎక్కువ దూరంగా కనిపిస్తుంది. ఆటో సెటప్ నడిపినా ఇలాంటి అంకే వస్తుంది, తప్పనుకుని టేపు కొలతకి మార్చకండి.

ఆ రోజు రాత్రి తమ్ముడు వచ్చి విన్నాడు. "అన్నా, బేస్ తగ్గిపోయిందేంటి?" అన్నాడు. ఏమీ చెప్పకుండా పాట మధ్యలో సబ్‌ని ఆఫ్ చేశా. పాట మొత్తం పలచబడిపోయింది, గాయకుడి గొంతు కూడా చిన్నదైనట్టు అనిపించింది. మళ్లీ ఆన్ చేస్తే, "ఇదంతా ఆ పెట్టె నుంచేనా, స్పీకర్ల నుంచి వస్తుందనుకున్నా" అన్నాడు. నాకు కావాల్సింది సరిగ్గా ఆ మాటే.

గడగడలు

25 నుంచి 120 దాకా మెల్లగా పాకే టోన్ పెట్టి, ఇంట్లో ఏది ఎక్కడ అదురుతుందో వెతికా. 46 దగ్గర అద్దాల అలమర తలుపు. 63 దగ్గర ఫొటో ఫ్రేము. 70 దాటాక స్విచ్‌బోర్డు ప్లేటు, దాని స్క్రూ వదులుగా ఉంది (మెయిన్ ఆఫ్ చేశాకే బిగించా). అనుమానమున్న వస్తువు మీద అరచెయ్యి పెడితే ఆగుతుంది, వెంటనే దొంగ దొరుకుతుంది. తలుపుకి ఫెల్ట్ ముక్కలు, ఫ్రేము వెనక నాలుగు మూలలా రబ్బరు చుక్కలు. చాలాసార్లు "సబ్ చెడిపోయింది, కరకరమంటోంది" అని అనుకునేది ఇలాంటి వస్తువే. సబ్ పైన మాత్రం ఏమీ పెట్టకూడదు: పూలకుండీ వద్దు, నీళ్ల గ్లాసు అసలే వద్దు.

కింది వాటా

కింద ఉండే పెద్దావిడని కలిసి, "పిన్నిగారూ, పైన ఒక పది నిమిషాలు సౌండు పెడతాను, మీకెలా వినపడుతుందో చెప్తారా?" అని అడిగా. తమ్ముడు పైన వాయించాడు, నేను వాళ్ల హాల్లో నిలబడ్డా. "మాటలు ఒక్కటీ వినపడట్లేదు బాబూ, కానీ మంచం అదురుతోంది" అంది ఆవిడ. గోడలు, స్లాబు పై ఫ్రీక్వెన్సీలని బాగా ఆపుతాయి, కింది ఫ్రీక్వెన్సీలని చాలా తక్కువ ఆపుతాయి, అందుకే పక్కింటికి ఎప్పుడూ పాట వెళ్లదు, దడదడ మాత్రం వెళ్తుంది.

సబ్ కాళ్ల కింద మందపాటి రబ్బరు, ఫోమ్ కలిసిన మెత్తలు వేశా. మంచం అదరడం ఆగింది. గాల్లోంచి వెళ్లే శబ్దం మాత్రం మెత్తలతో ఆగదు, ఆ విషయంలో మనమే తగ్గించుకోవాలి. ఆవిడ పడుకునే వేళ అడిగి రాసుకున్నా. ఆ టైము తర్వాత రిసీవర్‌లో నైట్ మోడ్ (పెద్ద శబ్దాలని అణిచే సెట్టింగ్), సబ్ ట్రిమ్ ఇంకో 6 కిందికి. ఇక్కడ చెవి ఒక చిక్కు పెడుతుంది: వాల్యూమ్ తగ్గించినకొద్దీ బేస్ మరింత తగ్గినట్టు అనిపిస్తుంది. 20 హెర్ట్జ్ శబ్దం అసలు వినపడాలంటేనే 78 డెసిబెల్స్ దాకా కావాలి, 1000 హెర్ట్జ్‌కి దాదాపు ఏమీ అక్కర్లేదు. రాత్రి బేస్ పలచగా ఉందని సబ్ పెంచాలనిపిస్తుంది, అప్పుడే పెంచకూడదు.

హద్దులు తెలుసుకోవడం

గ్రిల్ తీసి, టార్చి పక్క నుంచి వేసి, కోన్ కదలిక చూశా. అంతే బిగ్గరగా ఉండాలంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. 80 దగ్గర కోన్ కదులుతున్నట్టే కనపడదు, 40 దగ్గర కనపడుతుంది, ఇంకా కిందికి వెళ్లే సినిమా సీన్లో లోపలికీ బయటికీ తన్నుతుంది. పోర్టు ఉన్న పెట్టెలో ఇంకో విషయం: సీసా మూతి మీద ఊదితే ఒకే శ్రుతి పలికినట్టు పోర్టుకీ ఒక శ్రుతి ఉంటుంది, దాని దగ్గర లోపలి గాలి కోన్‌ని పట్టి ఉంచుతుంది. అంతకంటే కిందికి పోతే ఆ పట్టు పోయి కోన్ విచ్చలవిడిగా ఊగుతుంది. మంచి సబ్‌లలో దీనికి ఒక ఫిల్టర్, లిమిటర్ ఉంటాయి, వాటిని ఆపే స్విచ్ ఉన్నా ముట్టుకోవద్దు.

పెట్టె ముందే చెప్తుంది. పోర్టు దగ్గర "ఉఫ్ ఉఫ్" అని గాలి చప్పుడు వస్తే హద్దు దగ్గరికి వచ్చాం. "టక్ టక్" అని గట్టి దెబ్బలు వినిపిస్తే కాయిల్ లోపల తగులుతోంది, ఆ క్షణమే తగ్గించాలి. కాలిన వాసన వస్తే వాల్యూమ్ తగ్గించి చూద్దాం అనుకోవద్దు, ప్లగ్గు తీసేయాలి, చల్లారాక కూడా మళ్లీ ఆన్ చేయకుండా రిపేరుకి చూపించాలి. లోపల కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా ఛార్జి ఉంటుంది కాబట్టి వెనక ప్లేటు మనం విప్పే పని కాదు.

రెండు గంటల సినిమా అయ్యాక వెనక ప్లేటు మీద చెయ్యి పెట్టి చూశా: గోరువెచ్చగా ఉంది, చెయ్యి హాయిగా నిలుస్తోంది. ఆ ప్లేటే హీట్‌సింక్, అంటే లోపలి వేడిని బయటికి వదిలేది. గోడకీ దానికీ మధ్య జానెడు ఖాళీ ఉంచా, కర్టెన్ దాని మీద పడకుండా పక్కకి కట్టా. ఇంటికి చిన్నపిల్లలు వచ్చినప్పుడు గ్రిల్ తప్పకుండా ఉండాలి, పోర్టులోకి బొమ్మలు, నాణేలు వెళ్లే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. వెనక అయస్కాంతం పెద్దది, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాన్ని ఒంటికి ఆనించి ఎత్తకూడదు.

చెవుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్, "ఎ" వెయిటింగ్‌లో. బేస్ చెవికి గుచ్చుకోదు కాబట్టి మొత్తం వాల్యూమ్ ఎంత పెరిగిందో తెలియకుండా పోతుంది. అందుకని సోఫా దగ్గర మీటర్‌తో చూసి, మామూలుగా వినే వాల్యూమ్ అంకెని రిసీవర్‌లో గరిష్ఠ హద్దుగా పెట్టేశా. సినిమా అయ్యాక చెవుల్లో గుయ్ మంటే ఆ హద్దు ఇంకా కిందికి రావాలి.

ఇప్పటికి

గెయిన్ పావు కంటే కొంచెం తక్కువ, క్రాసోవర్ నాబ్ పూర్తిగా పైకి, రిసీవర్‌లో 80, ఫేజ్ సున్నా, దూరం 13 అడుగులు, ట్రిమ్ మైనస్ 3, ఒక్క ఫిల్టర్. ఇవన్నీ కాగితం మీద రాసి రిసీవర్ మాన్యువల్‌లో పెట్టా, ఎవరైనా రీసెట్ చేస్తే మళ్లీ కొలవనక్కర్లేదు.

మిగిలిన పని: సోఫా మధ్యలో బాగుంది, కుడి చివర కూర్చుంటే 51 హెర్ట్జ్ దగ్గర ఇంకా ఎక్కువగా ఉంది. వెడల్పు గోడల మధ్య లేచే అల అది, మధ్యలో కూర్చున్నవాళ్లకి వినపడదు, చివర్లో వాళ్లకి తగులుతుంది. ఒక్క సబ్‌తో అన్ని సీట్లకీ సమానం చేయడం కష్టం. రెండో సబ్ ఎదురుగోడకి పెడితే రెండూ కలిసి ఆ అలని పడగొట్టాలి. తమ్ముడి దగ్గర ఇలాంటిదే ఇంకో సబ్ ఉంది, వచ్చే శనివారం దాన్ని తెస్తానన్నాడు. ఎడమ గోడ మీద అదే మూడున్నర అడుగుల దగ్గర టేపు అతికించి ఉంచా.